ముందుకు వాలిన కుర్చీ

ఆ వీధిలో ఆమెను అందరూ కుర్చీలక్క అనేవారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె ఒక క్షణం అటూ ఇటూ చూసి, పిలిచింది తననేనని గుర్తొచ్చాక పలికేది. తండ్రి పెట్టిన ఫర్నిచర్ షాపు అది. ముందు గదిలో అమ్మకం, వెనక రేకుల షెడ్డులో తమ్ముడి వడ్రంగం, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు తెరిచినప్పుడల్లా చెక్కపొట్టు వాసన ముందు గదిలోకి వచ్చి వార్నిష్ వాసనలో కలిసిపోయేది. ఆ ఘాటు పడక తుమ్ముకుంటూ బయటికి నడిచేవాళ్ళను ఆమె ఆపేది కాదు. "ముక్కుకే నచ్చలేదు, నడుముకేం నచ్చుతుందిలే" అని ఊరుకునేది.

వచ్చినవాళ్ళకు ధర చెప్పేముందు కూర్చోబెట్టేది. కూర్చోబెట్టి ఊరికే కబుర్లు చెప్పేది. ఆ కాసేపట్లోనే ఆమె కళ్ళు వాళ్ళ మడమల మీద, భుజాల మీద తిరిగేవి. పాదాలు నేలకు పూర్తిగా ఆనకపోతే ఆ కుర్చీ అమ్మేది కాదు. వెనక షెడ్డులో కుర్చీ కాళ్ళు కాస్త కోయించి మర్నాడు పంపిస్తాననేది. సీటు ఎప్పుడూ వెనక్కే కొద్దిగా వాలి ఉండాలని తండ్రి చెప్పేవాడు. కంటికి కనిపించనంత వాలితే చాలు, మనిషి తనంతట తానే వీపు ఆనిస్తాడు, గుండెల నిండా ఊపిరి తీసుకుంటాడు.

షాపుకు కాస్త దూరంలో పెద్ద కూడలి ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ రంగు వేసిన చెక్క బెంచీలు ఉండేవి. ఒక ఎండాకాలం అక్కడ జనం నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని కొన్నాళ్ళు కూర్చున్నారు. అరవలేదు, రాళ్ళు వేయలేదు, ఊరికే కూర్చున్నారు. తర్వాత వాళ్ళు లేరు. ఆ తర్వాత బెంచీలూ లేవు. మరమ్మతుల కోసం తీశామని ఒక బోర్డు పెట్టారు. వానలకు బోర్డు మీద రాత కరిగిపోయింది కానీ బెంచీలు మాత్రం రాలేదు.

డిజైన్ కాలేజీలో చదివే ఒక అమ్మాయి ఆ రోజుల్లో షాపుకు వచ్చేది. కూల్చిన ఇళ్ళ తలుపులు, బడుల్లో పారేసిన డెస్కులు, పడవల పలకలు, ఏ ముక్క దొరికినా వదిలేది కాదు. అందుకని తమ్ముడు ఆమెకు ముక్కల పిల్ల అని పేరు పెట్టాడు. తనూ, తన క్లాసు పిల్లలూ ఆ పాత చెక్కతో స్టూళ్ళు, బల్లలు చేసి తెచ్చేవాళ్ళు. మొదటిసారి తెచ్చిన స్టూలు మీద కుర్చీలక్క కూర్చోగానే అది కిర్రుమని పక్కకు ఒరిగింది.

"బొమ్మ బాగుందమ్మా. కూర్చోవడానికి ఇంకోటి తీసుకురా," అంది కుర్చీలక్క.

ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకోలేదు. స్టూలు చంకన పెట్టుకుని వెళ్ళి, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీలక్కే కాదు, తమ్ముడు కూడా ఎక్కి నిలబడినా కదల్లేదు. అప్పటినుంచీ షాపులో ఒక మూల వాళ్ళకు ఇచ్చేసింది. పాత మేకుల రంధ్రాలు, ఎవరో పిల్లాడు డెస్కు మీద గీసుకున్న చేప బొమ్మ, తలుపు గొళ్ళెం పడి పడి అరిగిన గుంట, వేటినీ వాళ్ళు చెరిపేవాళ్ళు కాదు. నున్నటి పాలిష్ కోరుకునే జనం సైతం ఆ గుంట మీద వేలు పెట్టి చూసి నవ్వుకుని కొనుక్కుపోయేవారు.

ఒక రోజు ఆ పిల్ల తోపుడు బండి మీద పొడుగాటి పలకలు తెచ్చింది. ఆకుపచ్చ రంగు. కుర్చీలక్క వాటిని చూడగానే గుర్తుపట్టింది.

"ఎక్కడివే ఇవి?"

"పాత సామాన్ల దొడ్లో గుట్టగా పడేశారు ఆంటీ. తూకానికి అమ్మేస్తుంటే కొన్నాం. కొనకూడదని ఎక్కడా రాసి లేదు."

కాలేజీ పిల్లలంతా కలిసి ఆ పలకలతో ఒక పెద్ద వంపు బల్ల చేశారు. దాని మీద కూర్చుంటే ఎదుటివాడికి వీపు చూపించడం కుదరదు. తల కొద్దిగా తిప్పితే చాలు, అందరి ముఖాలూ అందరికీ కనిపిస్తాయి. షాపు లోపల పట్టక, ముందున్న రేకు చూరు కింద పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా గచ్చుకు బోల్టులు వేశారు. అమ్మకానికని చీటీ కూడా అంటించారు. కొనేవాళ్ళకంటే ముందు కూర్చునేవాళ్ళు వచ్చారు. ఆ చుట్టుపక్కల కాళ్ళు చాపుకునే చోటు ఇంకెక్కడా లేదు మరి. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు, పిల్లల బడి విడిచేదాకా ఎదురుచూసే తల్లులు, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక పొద్దున్నే బయల్దేరి వచ్చే ఒకాయన. అందరికంటే ముందు వచ్చేది కండక్టర్ బాబాయ్. రిటైరై ఏళ్ళయినా ఆయన నిలబడితే బస్సులో నిలబడినట్టే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు.

బాబాయ్ నోట "పౌరహక్కులు" అనే మాట టికెట్ చింపి ఇచ్చినంత తేలిగ్గా వచ్చేది. బెంచీలు పీకినా అదే మాట, నీళ్ళు రాకపోయినా అదే మాట. ఆ మాట లాయర్లకూ పేపర్లవాళ్ళకూ సంబంధించిందని కుర్చీలక్క చాలాకాలం అనుకుంది. వింటూ వింటూ ఒక రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"కూర్చోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. లేవడానికీ అడగక్కర్లేదు. పక్కవాడితో ఏం మాట్లాడుకున్నా అది మన ఇద్దరి మధ్యనే. ఇంతేనా బాబాయ్ నువ్వు చెప్పేది?"

"ఇంతే అమ్మాయ్. ఇంతదానికే లావు లావు పుస్తకాలు రాశారు."

ఆ తర్వాత అది ఆమెను పురుగులా తొలిచింది. షాపులో దుమ్ము తుడుస్తూ ఒక్కో కుర్చీ దగ్గర ఆగేది. పెద్ద ఆఫీసరుకు అమ్మే కుర్చీ తిరుగుతుంది, దొర్లుతుంది, ఎత్తు పెంచుకోవచ్చు. అతని ఎదురుగా వేసే కుర్చీ కదలదు, ఎత్తు తక్కువ. ఆ రెంటినీ జతగా ఎన్నింటిని అమ్మిందో ఆమెకే తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడు తల పైకెత్తి మాట్లాడాలని ఎవరో ఎక్కడో గీసి పెట్టారు, తమ్ముడు కోశాడు, తను అమ్మింది. ఇన్నేళ్ళూ నడుముల గురించి ఆలోచించాను గానీ, మెడల గురించి ఆలోచించలేదే అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి వంపు బల్ల మీద కూర్చున్నాడు. నలగని చొక్కా, మెరిసే బూట్లు. మాట ఎంత మెత్తగా ఉందంటే, వినాలంటే ఆమె ముందుకు వంగాల్సి వచ్చింది. తర్వాత ఇంట్లో ఆయన గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మెత్తనాయన అనే చెప్పింది.

"ఎంత సుఖంగా ఉందండీ. ఇలా ఉంటే ఎవరికైనా లేవబుద్ధి కాదు," అన్నాడు.

"అందుకే చేశారండి."

"ఎవరెవరు కూర్చుంటారు?"

"కాళ్ళ నొప్పులున్నవాళ్ళు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"కాళ్ళ నొప్పుల గురించే."

ఆయన నవ్వాడు. నవ్వుకు శబ్దం లేదు. బల్ల పలక మీద అరచెయ్యి పెట్టి, రంగు పొరలు ఊడిన చోట గోటితో కొద్దిగా గీకి చూశాడు. "మంచి చెక్క. ఎక్కడిదో," అన్నాడు, అడిగినట్టు కాకుండా. అంతదాకా పక్కనే కూర్చున్న కండక్టర్ బాబాయ్ అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళడం ఆమె చూడనే లేదు.

కొన్నాళ్ళకు మెత్తనాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి, ఆఫీసుకు ఒక కుర్చీ కావాలన్నాడు. కుర్చీకి చేతులు ఉండకూడదు. మామూలు కుర్చీకంటే కొంచెం ఎత్తు ఉండాలి. కాళ్ళు నేలకు బిగించేలా ఉండాలి. సీటు నున్నగా, మంచి పాలిష్‌తో ఉండాలి.

"ఇంకొక్కటండీ. సీటు కొంచెం ముందుకు వాలాలి. చూసేవాళ్ళకు తెలియకూడదు."

 అందులో కూర్చున్న మనిషి ఆమె కళ్ళకు కట్టాడు. జారిపోకుండా మునివేళ్ళు నేలకు తన్నిపెట్టి, తొడలు బిగబట్టి, వీపు ఆనించడానికి వీల్లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"అందులో ఎవరూ కుదురుగా కూర్చోలేరండి," అంది.

"అవునండీ," అన్నాడాయన.

"మేం అలాంటివి చెయ్యం."

"తొందరేం లేదు, ఆలోచించుకోండి. వెనక షెడ్డులో మీ తమ్ముడు బాగా చేస్తాడని విన్నాం. ఆ కాలేజీ అమ్మాయి గీసిచ్చినా సరే. చదువుకునే పిల్లలకు కొత్త రకం పని దొరికితే సరదాగా ఉంటుంది కదా."

ఆయన వెళ్ళాక ఆమె షెడ్డులోకి వెళ్ళి చెప్పింది. తమ్ముడు చిత్రిక పట్టడం ఆపలేదు. చెక్క పొర ఉంగరాలు తిరిగి అతని కాళ్ళ మీద పడుతోంది.

"చేస్తే ఏం పోయింది? కుర్చీ కుర్చీయే. ఎవరు కూర్చుంటారో మనకెందుకు?"

"మనకెందుకని నాన్న ఎప్పుడూ అనలేదురా."

"నాన్న రోజుల్లో వీళ్ళు వచ్చి అడగలేదు."

చెయ్యవద్దని ఆమె గట్టిగా చెప్పింది. అతను సరేనన్నాడు. ముక్కల పిల్లకు చెబితే ఆ పిల్ల కాసేపు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. "నేను గియ్యను ఆంటీ. నన్నడిగితే మొహం మీదే చెబుతాను," అంది. మొహం మీద చెప్పనవసరం లేదనీ, కొన్నాళ్ళు షాపుకు రావద్దనీ కుర్చీలక్క ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు.

ఒక ఉదయం షట్టర్ ఎత్తడానికి వచ్చేసరికి చూరు కింద వంపు బల్ల లేదు. గచ్చులో బోల్టు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఊడబీకినట్టు లేదు, స్పానర్‌తో ఒక్కొక్కటీ విప్పి, బోల్టులు కూడా ఏరుకుని పోయారు. ఆమె అలా నిలబడి ఉండగానే పక్క షాపు టైలరు గుమ్మంలోకి వచ్చి, "నేనేం చూడలేదక్కా," అన్నాడు. ఆమె ఇంకా ఏమీ అడగనే లేదు.

ఆ రోజునుంచి కండక్టర్ బాబాయ్ రాలేదు. నాలుగు రోజులు చూసి ఆమే ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు సగమే తెరిచాడు.

"మోకాలు బాగోలేదమ్మాయ్."

"లోపలికి రమ్మనవా బాబాయ్?"

ఆయన ఆమె భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "ఇల్లంతా సర్దుతున్నారు. కూర్చోవడానికి చోటు లేదమ్మా," అన్నాడు. లోపల ఇల్లు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ ఏమీ సర్దడం లేదు.

తర్వాత ముక్కల పిల్లను మెత్తనాయన ఆఫీసుకు పిలిచారు. ఊరికే మాట్లాడాలి, వచ్చి వెళ్ళమన్నారట. పొద్దున వెళ్ళింది. ఆ రోజంతా ఫోను ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం షాపుకు వచ్చింది. ఒళ్ళు చెక్కు చెదరలేదు, జుట్టు చక్కగా దువ్వుకుని ఉంది. కుర్చీలక్క గబగబా ఒక కుర్చీ లాగి వేసింది. ఆ పిల్ల దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నిలబడతాను ఆంటీ."

"కొట్టారా?"

"లేదు. టీ కూడా ఇచ్చారు. కప్పు పట్టుకోవడమే కుదరలేదు." ఆ పిల్ల గోడకు ఆనుకుని, నేల చూస్తూ చెప్పింది. "కుర్చీ చూడ్డానికి మామూలుగానే ఉంది. కూర్చున్న కాసేపటికి తెలుస్తుంది. జారుతుంటాం. సర్దుకుంటే మళ్ళీ జారుతుంటాం. సర్దుకున్న ప్రతిసారీ, ఎందుకలా కదులుతున్నావు, ఏం దాస్తున్నావు అంటారు. కొంతసేపటికి వాళ్ళు అడిగేది సరిగ్గా వినిపించదు, తొడలు వణకడమే తెలుస్తుంది. అవునంటే లేవనిస్తారేమో అనిపిస్తుంది. అందుకని అవునన్నాను."

"దేనికి?"

"అన్నిటికీ. బాబాయ్ ఏమేం మాట్లాడేవాడో చెప్పాను. ఆయన అనని మాటలకి కూడా అవునన్నాను." ఆ పిల్ల కళ్ళు తుడుచుకోలేదు. కన్నీళ్ళు రాలేదు కాబట్టి తుడుచుకోవాల్సిన పని లేదు. "బాగా చేశారు ఆంటీ దాన్ని. అతుకు ఎక్కడుందో తెలియలేదు. సీటు కింద అంచు పట్టుకుని కూర్చున్నాను రోజంతా. గుండ్రంగా, నున్నగా ఉంది. గుచ్చుకోలేదు."

కుర్చీలక్క షెడ్డు తలుపు వైపు చూసింది. సీటు కింది అంచును, కంటికి కనిపించని ఆ వైపును, గుండ్రంగా తీసి ఎమరీ కాగితంతో నున్నగా రుద్దేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. అది తండ్రి అలవాటు. ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఒక్కడే.

ఆ పిల్లను సాగనంపి, షట్టర్ సగం దించి, ఆమె షెడ్డులోకి నడిచింది. తమ్ముడు రసమట్టం గాజులో బుడగ నడిమికి వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు. అక్క ముఖం చూసి దాన్ని కింద పెట్టేశాడు.

"ఎక్కడ చేశావు?"

అతను చేతులకంటిన పొట్టు దులుపుకున్నాడు. చివరికి, "మా అత్తారింటి పెరట్లో. సెలవు రోజుల్లో," అన్నాడు. "షాపు మూయించేస్తారని చెప్పారక్కా. నీతో చెబితే నువ్వు మొండికేస్తావు. మనం చెయ్యకపోతే ఇంకొకడు చేసేవాడు."

"అంచులెందుకు గుండ్రం చేశావు?"

అతను రసమట్టం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు చేశావురా?"

"పట్టుకుంటారు కదా," అన్నాడు తమ్ముడు. "చేతికి గుచ్చుకుంటుందని."

అంటే వాడికి అంతా తెలుసు. ఆ కుర్చీలో మనిషి ఎలా జారతాడో, చేతులు దేన్ని వెతుక్కుంటాయో చెక్క కోస్తున్నప్పుడే తెలుసు. ఏమీ తెలియక చేసి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. చెయ్యి చాచి అతన్ని కొట్టబోయి, ఆగి, ఆ చెయ్యిని ఏం చేసుకోవాలో తెలియక బల్ల మీది చెక్కపొట్టు ఊడ్చింది.

"ఇంకా కొన్ని కావాలన్నారక్కా," అన్నాడతను తల దించుకుని. "ఒప్పుకున్నాను."

ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. మధ్యలో తలుపు మూసే ఉండేది. మరదలు మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, "వదినా, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు," అని చెప్పిపోయేది. కాలేజీలో పాత చెక్క పని ఆపేశారు. పిల్లలు తమ స్టూళ్ళు తీసుకెళ్ళడానికి కూడా రాలేదు. ముక్కల పిల్ల చదువు మానేసి పిన్ని ఇంటికి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. కండక్టర్ బాబాయ్ ఇంటికి తాళం ఉంది. ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళాడని టైలరు అన్నాడు. ఆయనకు కొడుకే లేడని ఇద్దరికీ తెలుసు.

కుర్చీలక్క చూరు కింద రెండు మామూలు కుర్చీలు వేసింది. ఎవరూ కూర్చోలేదు. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా ఆ షాపు దగ్గరికి రాగానే నడక పెంచేవాళ్ళు.

చివరికి మెత్తనాయన ఆమె కోసం వచ్చాడు. ఒకసారి ఆఫీసుకు వచ్చి వెళ్ళమన్నాడు, ఊరికే మాట్లాడుకోవడానికి.

ఆఫీసు గది శుభ్రంగా ఉంది. కిటికీ అద్దాలకు తెల్ల రంగు వేసేశారు. ఎత్తు బల్ల వెనక తిరిగే కుర్చీ, దానికి ఎదురుగా నేలకు బిగించిన కుర్చీ. మొదటిసారి దాన్ని చూడగానే ఆమెకు ముందు కలిగింది కోపం కాదు. ఎంత చక్కగా చేశాడు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కూర్చోండి," అన్నాడు మెత్తనాయన.

"నిలబడతానండీ."

"పర్లేదు, కూర్చోండి. చాలాసేపు పట్టొచ్చు."

"నాకు కుర్చీలు పడవండీ."

ఆయన ఆమెను తేరిపార చూశాడు. కూర్చోమని ఇంకోసారి అన్నాడు. అది అడగడం కాదని ఆమెకు తెలిసింది. అయినా కదల్లేదు. తర్వాత ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. పలకలు ఎవరు కొన్నారు, బల్ల మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరితో ఏమన్నారు. ఆమె కండక్టర్ బాబాయ్‌లా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కొన్నిటికి తెలియదని, కొన్నిటికి గుర్తులేదని చెప్పింది. ఆయన బయటికి వెళ్ళేవాడు, ఇంకొకడు వచ్చేవాడు, అవే ప్రశ్నలు. పిక్కలు రాళ్ళయ్యాయి. కుర్చీ ఆమె మోకాలికి తగిలేంత దగ్గర్లో ఉంది. నున్నగా మెరుస్తూ, వచ్చి కూర్చోమన్నట్టే ఉంది. ఒక దశలో ఆమెకు దాని మీద కూర్చుని ఏడవాలనిపించింది.

సాయంత్రం పంపించేశారు. గుమ్మం దగ్గర మెత్తనాయన, "రేపు కూడా రండి," అన్నాడు. "మీరెంతసేపు నిలబడగలరో మాకూ తెలియాలి కదా."

ఇంటికి వచ్చేసరికి పాదాలు చెప్పుల్లో ఇమడనంత వాచాయి. మరదలు వేడినీళ్ళు పెట్టి పక్కకు తప్పుకుంది. తమ్ముడు వచ్చి నేల మీద కూర్చుని, అక్క పాదాలు నీళ్ళలో పెట్టి, వేళ్ళతో మెల్లగా నొక్కాడు. 

"కూర్చున్నావా అక్కా?"

"లేదు."

అతని వేళ్ళు ఆగిపోయాయి. "వాళ్ళకు ఇవ్వాల్సిన కుర్చీలు ఇంకా అత్తారి పెరట్లోనే ఉన్నాయి," అన్నాడు.

"అది నీ ఇష్టం."

"రేపు మళ్ళీ రమ్మన్నారా?"

"రమ్మన్నారు."

"ఎన్నాళ్ళు నిలబడతావు?"

ఆమె పాదాలు నీళ్ళలోంచి తీసి తుడుచుకుంది. తెలిస్తే చెప్పేదే.

పొద్దున్నే ఆమె చెప్పులు వదిలేసి పాత గుడ్డ బూట్లు వేసుకుంది. మరదలి చేతికి షాపు తాళాలు ఇచ్చింది. వీధిలోకి దిగి నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తమ్ముడు. చేతిలో ఏమీ లేదు, పనికి వెళ్ళే చొక్కా కూడా వేసుకోలేదు. ఆమె తిరిగి చూడలేదు, వెళ్ళిపొమ్మనలేదు. కూడలి దాటాక, ఆఫీసు గేటు కనిపించే మలుపు దగ్గర ఆ అడుగులు నెమ్మదించాయి, ఆగాయి. ఆమె ఒక్క క్షణం చెవులు రిక్కించింది. తర్వాత ఒంటరిగా గేటు వైపు నడిచింది.